తొమ్మిదో పాటలో తలుపు

పెన్‌డ్రైవ్ కుడి పిడికిలిలో ఉంది, పిడికిలి జాకెట్ జేబులో ఉంది, డ్యాష్‌బోర్డు గడియారం ఏడూ యాభై చూపిస్తోంది, అది ఎప్పుడూ నాలుగు నిమిషాలు ముందుంటుంది కాబట్టి ఏడూ నలభై ఆరు. రొంగాయ్ స్టేజీలో మతాతు, మా ఊరి ప్రైవేటు బస్సు, ఇంకా నిండలేదు. ముప్ఫై మూడు సీట్లలో ఇరవై రెండు నిండాయి, వెనక్కి తిరిగి చూడనక్కర్లేదు, ఒక్కో మనిషి మెట్టు మీద కాలు పెట్టినప్పుడు బండి ఎంత ఒరుగుతుందో నా నడుముకు తెలుసు, నాలుగేళ్లు ఇదే రూటులో ఇదే డ్రైవరు దగ్గర కండక్టరుగా తలుపు పట్టుకుని వేలాడినదాన్ని. ఆ డ్రైవరు కిలొంజో బాబాయ్ నా పక్కన స్టీరింగు మీద పేపరు పరుచుకుని ఫుట్‌బాల్ పేజీ చదువుతున్నాడు. నేను టౌనులో పని ఉండి ఎక్కాననుకుంటున్నాడు. టౌనులో నాకు ఏ పనీ లేదు. పదింటి లోపల ఒక మాట చెప్పాలి, ఉంచమనో తీసెయ్యమనో, ఆ మాట ఏదో తెలుసుకోవడానికి ఎక్కాను. గుండె నిమిషానికి నూట నలభై కొడుతున్నట్టుంది, అది మా మూడో పాట వేగం, కుడి మడమ అప్పుడే నేల మీద ఆ పాట మొదలుపెట్టేసింది, ఎడమ మడమ అందుకుంది, బాబాయ్ పేపర్లోంచి తల ఎత్తకుండానే అడిగాడు, నా బండికి చిల్లు పెడతావా ఏంటని.

మా బ్యాండులో ముగ్గురం. గొంతు న్యాగుథీది, గిటార్లు కిప్రోనోవి, డ్రమ్స్ నావి. మేం వాయించేది మెటల్‌కోర్, వినని వాళ్లకు చెప్పాలంటే గిటార్లు రంపాల్లా కోస్తాయి, పాడాల్సిన చోట మనిషి అరుస్తుంది, ఉన్నట్టుండి వేగం సగానికి పడిపోతుంది, అక్కడ వినేవాళ్ల ఒళ్లు వాళ్ల మాట వినదు. రెండో ఆల్బం పేరు ఉజీతో, అంటే బరువు. తొమ్మిది పాటలు, ముప్ఫై ఎనిమిది నిమిషాలు. ఫిన్లండ్‌లో యారి అనే ఆయన మిక్సింగ్ చేస్తున్నాడు, ఆయన్ను మేం ఎప్పుడూ చూడలేదు, ఆయన గొంతు కూడా వినలేదు, ఫైళ్లు వెళతాయి, ఫైళ్లు వస్తాయి. నిన్న పొద్దున మెయిల్ రాశాడు. తొమ్మిదో పాటలో రెండు నిమిషాల నలభై ఒకటో సెకను దగ్గర ఏదో కింద పడిన చప్పుడు ఉంది, చివర్లో మళ్లీ రెండుసార్లు పడింది, మీరు గమనించినట్టు లేదు, తీసేసి ఆ చోట పెద్ద డ్రమ్ము పెట్టాను, రేపు పదింటికి సరస్సు ఒడ్డున మా చెక్క ఇంటికి వెళ్లిపోతున్నాను, అక్కడ నెల రోజులు ఫోనూ కంప్యూటరూ ఉండవు, ఏమన్నా ఉంటే ఆలోపు చెప్పండి. జులైలో వాళ్ల దేశమంతా అలాగే అడవుల్లోకి వెళ్లిపోతుందట. జులైలో వాళ్ల గడియారమూ మా గడియారమూ ఒకటేనట కూడా. వాళ్లకు ఎండ, మాకు స్వెట్టర్లు, కానీ పది అంటే ఇద్దరికీ పదే.

కింద పడిన చప్పుడు. ఆ చప్పుడు కొట్టింది నేను, ఒక తలుపు మీద. కిప్రోనో మెయిల్ చదివి, ఆయన చెప్పింది నిజమే, రొంగాయ్ దాటితే అది రేకు పడ్డ చప్పుడే, వినేవాళ్లకు మన కథలు తెలియవు అన్నాడు. న్యాగుథీ ఉంచాలంది, ఎందుకంటే ఉంచాలి, అంతే. ఆమె మూడో తరగతి టీచరు, గొంతు అరిగిపోకూడదని బడిలో గుసగుసగా మాట్లాడుతుంది, ఆ బడిలో అంత నెమ్మదైన టీచరు లేదని పిల్లల తల్లులు చెప్పుకుంటారు, శనివారాల్లో ఆమె అరుపు విన్నవాడెవడూ ఆ మాట నమ్మడు. ఒకటీ ఒకటీ. ఇద్దరూ నా వైపు చూశారు. కొట్టినదాన్ని నేనే కాబట్టి నాకది ఇష్టం, ఇష్టం కాబట్టి నా చెవిని నేను నమ్మలేను, రాత్రంతా అదే తిరిగింది తలలో, తెల్లారి నాలుగున్నరకు లేచి రెండు ఫైళ్లు ఈ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాను. ఒకటి తలుపుతో. రెండు తలుపు లేకుండా. మా ఊళ్లో పాట నిలబడుతుందో లేదో చూసేది స్టూడియోలో కాదు, ఎవరూ అక్కడ చూడరు, మతాతులో పెట్టి చూస్తారు. ఈ బండిలో సీట్ల కింద ఆరు బేస్ బాక్సులున్నాయి. యారి దగ్గర కూడా అన్ని ఉండవు.

వెనక తలుపు దగ్గర ఒదూయా చివరి మనిషిని లోపలికి నెట్టి బండి రేకు మీద రెండు దెబ్బలు కొట్టాడు. పేపరు మడతపడింది, గేరు పడింది, బండి కదిలింది. ఒదూయా నేను మానేశాక వచ్చిన కండక్టరు, నాకన్నా మూడేళ్లు పెద్దవాడు, అయినా ఎగతాళికి అక్కా అంటాడు. అతని దెబ్బ పలచన, వేళ్లతో కొడతాడు. మా రూటులో ఒక దెబ్బకు ఆపాలి, రెండు దెబ్బలకు కదలాలి, గబగబా మూడు కొడితే ముందు పోలీసులున్నారని. పాటలు చెవులు చిల్లులు పడేలా మోగుతుంటే డ్రైవరుకు దెబ్బ ఎలా వినిపిస్తుందని కొత్తలో బాబాయ్‌ని అడిగాను. వినిపించదు అన్నాడు. రేకు మీద కొట్టింది నేల కిందికి దిగి, సీటు కాళ్లలోకి ఎక్కి, వీపులోకి వస్తుంది, అక్కడ కొట్టు నువ్వు, చెవికి కొట్టకు. మూడు వారాలు పట్టింది నాకు. అరచేతి మడమతో, కిటికీ కింద రెండు రివెట్ల మధ్య, మోచెయ్యి వదులుగా. తర్వాత డ్రమ్స్ దగ్గర కూర్చున్నప్పుడు నాకెవరూ ఇంకేమీ నేర్పలేదు. మణికట్టు వదిలెయ్, బరువును పడనివ్వు, అని పుస్తకాల్లో రాసి ఉంటుందట, నేను చదవలేదు, అరవై కిలోమీటర్ల వేగంలో ఒంటికాలి మీద నిలబడి నేర్చుకున్నాను.

మాగాడి రోడ్డు మీద పొగమంచు, ఎదురు బండ్ల లైట్లు పసుపు చుక్కలు, పక్కన ఎక్కడో మందాజీలు వేగుతున్న నూనె వాసన, ఆకలి వెయ్యలేదు, మొదటి ఆల్బం వచ్చిన రోజు కూడా ఆకలి వెయ్యలేదు. కానీ అప్పుడు భయం. ఇప్పుడు అది కాదు, కడుపులో ఎవరో స్టూలు సర్దుకుని కూర్చుంటున్నట్టుంది, వాయించడానికి. మొదటి ఆల్బంలో న్యాగుథీ సగం పాడింది, సగం అరిచింది, అంతా ఇంగ్లీషులో, పల్లవులు సబ్బుతో కడిగినట్టు. రేడియోలో రెండుసార్లు వేశారు. అందరూ బాగుందన్నారు. చర్చి నుంచి ఒకావిడ ఫోను చేసి, దెయ్యాల సంగీతం అని విన్నానమ్మా, తీరా వింటే బాగానే ఉంది అంది. ఆ ఒక్క మాట మమ్మల్ని ఆరు నెలలు నిద్ర పోనివ్వలేదు. కితుయ్‌లో మా అమ్మమ్మ ఉంది, డెబ్బై తొమ్మిదేళ్లు, ఊళ్లో ముసలమ్మలు కలిసి డోళ్లు వాయించే చోట నడుమ కూర్చునేది ఆవిడే, ఆవిడకు వినిపించాను. ఫోను చెవికి ఆనించుకుని పాట మొత్తం విని తిరిగిచ్చేసింది. వీళ్లు బూట్లు వేసుకున్నారు అంది. బూట్లేంటి అమ్మమ్మా అంటే, బూట్లు వేసుకున్నవాళ్లకు కింద నేల ఉన్నట్టు తెలియదు అని, చిక్కుడుకాయలు ఒలుచుకోవడం మొదలుపెట్టింది.

అందుకే రెండోది ఇలా వచ్చింది. కిప్రోనో తీగలు వదులు చేసి శ్రుతి ఇంకో నాలుగు మెట్లు దించాడు, లావు తీగలు కట్టాడు, అతని గిటారు ఇప్పుడు నీళ్ల మోటారు ఎత్తుకునేటప్పటి చప్పుడు చేస్తుంది, అతను పగలు బాగు చేసేవి ఆ మోటార్లే. న్యాగుథీ ఇంగ్లీషు వదిలేసి స్వాహిలీలో అరిచింది, రెండు పాటల్లో వాళ్ల అమ్మ తిట్టే తిట్లు ఉన్నవి ఉన్నట్టు పెట్టింది, వాళ్లమ్మ విని, ఉచ్చారణ బాగా లేదంది. నేను సగం దెబ్బలు తీసేశాను. తీసేకొద్దీ బరువు పెరిగింది, అది నేను అనుకోనిది, బరువంటే ఎక్కువ కొట్టడం అనుకునేదాన్ని, కాదు, రెండు దెబ్బల మధ్య ఎంతసేపు ఆగగలవన్నది. తొమ్మిదో పాట రాసినప్పుడు నడుమ అంతా ఆగిపోయే చోటొకటి వచ్చింది. గిటారు ఆగుతుంది, గొంతు ఆగుతుంది, రెండు లెక్కలు నిశ్శబ్దం. అక్కడ ఏదో ఒకటి కొట్టాలి. పెద్ద డ్రమ్ము కొట్టాను, బాగా లేదు. చిన్నది కొట్టాను, బాగా లేదు. స్టూలు మీద కూర్చుని ఉండగా నా చెయ్యి దానంతటది పక్కకు వెళ్లి గోడ మీద ఒక దెబ్బ కొట్టింది.

గోడ కాదు, రేకు కావాలి. ఏ రేకో నాకు తెలుసు. నేను పని చేసిన బండిని రెండేళ్ల కిందట తీసేశారు, ముక్కలు అమ్మేశారు, ఆ తలుపు కోసం డగొరెట్టి కార్నర్ పాతసామాన్ల వాళ్ల దగ్గర రెండు రోజులు తిరిగాను. కోళ్ల గూటికి కప్పుగా ఉంది. ఎరుపు రంగు సగం పోయింది, రెండు రివెట్ల మధ్య నా అరచెయ్యి పట్టేంత సొట్ట ఉంది, నేను చేసిన సొట్టే. అక్కడే మైకును రేకు లోపలివైపు టేపుతో అంటించాం, చెవికి వినిపించడం కన్నా కింద అదిరేలాగా. అప్పుడు గుర్తొచ్చింది, పనిలో ఉన్నప్పుడు నడిమి వేలికి స్టీలు ఉంగరం ఉండేది, అరచెయ్యి పడ్డాక అరక్షణం ఆలస్యంగా అది టిక్కుమనేది. డ్రమ్స్ కర్రలకు ఒరుసుకుంటుందని తీసేశాను. ఇంటికి వెళ్లి వెతికి పెట్టుకుని వచ్చి కొట్టాను. ముప్ఫై ఒక్కసార్లు కొట్టాను. పంతొమ్మిదోది ఉంచాం. అది పోతే పాట పోదు, నిజం, పాట ఉంటుంది. ఆ నాలుగేళ్లు మాత్రం అందులో ఉండవు, అవి లేకపోతే అక్కడ డ్రమ్స్ ఎవరైనా వాయించి ఉండొచ్చు.

బోమాస్ దగ్గర బండ్లు ఆగిపోయాయి. ఎనిమిదీ ఇరవై. ఒదూయా నడవాలోంచి ముందుకొచ్చి నా సీటు వెనక నిలబడ్డాడు, పాటల పెట్టె అక్కడే ఉంటుంది. పెన్‌డ్రైవ్ ఇచ్చాను. అతను దాని మీది నా చెమటను ప్యాంటుకు తుడిచాడు. ముందు రెండోది పెట్టు, తర్వాత చెప్పినప్పుడు ఒకటోది పెట్టు, రెండు నిమిషాల తర్వాత బ్రేక్‌డౌన్ వస్తుంది, అక్కడ సౌండు తగ్గించకు అన్నాను. వేగం సగానికి పడే చోటును మేం ఆ మాటే అంటాం. ఒదూయా చెయ్యి ఆగిపోయింది.

“బండిలో కూర్చుని ఆ మాట అంటావేంటక్కా. పొద్దున్నే.”

“పాటలో, ఒదూయా. బండికి కాదు.”

“పాటకొస్తే బండికి రాదని రాసిస్తావా?” అని, అయినా పెట్టాడు.

ఆరు బాక్సులు ఒక్కసారి లేచాయి. మా పాట ఇంత పెద్దగా నేనెప్పుడూ వినలేదు, ఎవరూ వినలేదు, న్యాగుథీ మొదటి అరుపుకు అద్దం కదిలింది. వెనక ఒకావిడ, ఒళ్లో గుడ్ల ట్రే ఉంది, ఎక్కేటప్పుడు చూశాను, ఎవర్ని కోస్తున్నారు నాయనా అని అడిగింది. ఒదూయా, ఇంకా కొయ్యలేదమ్మా, పట్టుకున్నారంతే అన్నాడు. బండంతా నవ్వారు. ఎవరో కీర్తనలు పెట్టమన్నారు, ఎవరో వద్దు ఉంచమన్నారు. నేను లెక్క పెడుతున్నాను, రెండు ముప్ఫై, రెండు ముప్ఫై ఐదు, అంతా ఆగింది, నిశ్శబ్దం, యారి పెట్టిన పెద్ద డ్రమ్ము పడింది. గుహలో పడినట్టు పడింది. బాగుంది. అదే ఇబ్బంది, బాగుంది. అద్దంలో రెండో వరసలో బ్యాంకు టై కట్టుకున్నాయన తల ఊపుతున్నాడు. బాబాయ్ కిటికీ లోంచి ముందున్న లారీ డ్రైవరుతో ఏదో అంటున్నాడు. పాట అయిపోయింది. ఏమీ కాలేదు. ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. చర్చి ఆవిడ గుర్తొచ్చింది.

కిప్రోనో మాటే నిజమా? అతను మొండివాడు కాదు, మోటారు విప్పినప్పుడు ఒక్క మరను కూడా ఊరికే పక్కన పెట్టడు, దాని పనేంటో చూసి గాని పెట్టడు. ఈ దెబ్బ పనేంటి అని అడిగాడు నన్ను, నేను చెప్పలేకపోయాను. ఎనిమిదీ నలభై. బండ్లు కదిలాయి. లంగాటా రోడ్డు మీదకి తిరిగాం, ఒక పక్క పార్కు కంచె, కంచె మీద కోతి ఒకటి రోడ్డుకు వీపు పెట్టి కూర్చుంది, మూడో గేరు, నాలుగో గేరు, ఎదర చాలా దూరం ఖాళీ. కాళ్లు ఆడటం మానేశాయి, అది కూడా ఇప్పుడే తెలిసింది. వద్దులే, పెట్టించకుండా దిగిపోతే, ఎవరికీ తెలియదు, ఇద్దరికీ తీసెయ్యమని చెప్పొచ్చు, ఆగస్టులో ఆల్బం వస్తుంది, బాగుందంటారు. బాగుందంటారు. బాబాయ్ పళ్లపుల్ల ఇటు నుంచి అటు మార్చుకున్నాడు. నేను మానేస్తున్నానని చెప్పిన రోజు కూడా ఇలాగే మార్చుకున్నాడు, మూడు వారాలు నాతో మాట్లాడలేదు, తర్వాత ఒకరోజు స్టేజీలో కనిపించి, కొత్తవాడు తలుపు తడుతున్నాడే గాని కొట్టట్లేదు అన్నాడు. అంతే. రేడియోలో మా పాట వచ్చిన సంగతి ఎవరో చెబితే, ఆ పిల్ల చేతులు బాగున్నాయా అని అడిగాడట.

వెనక్కి తిరిగాను. ఒదూయా, ఒకటోది.

మళ్లీ అదే పాటా అని గుడ్లావిడ అంది. ఇందులో కోస్తారమ్మా అన్నాడు ఒదూయా. విల్సన్ విమానాశ్రయం దాటుతున్నాం, చిన్న విమానం ఒకటి మంచులోంచి కిందికి దిగుతోంది, దాని మోత వినిపించలేదు, మా మోతే. చేతులు రెండూ ఒళ్లో పెట్టుకున్నాను, ఒకదాని మీద ఒకటి, ఏమీ కొట్టకుండా. రెండు పది. రెండు ఇరవై. ఇక్కడ గిటారు నేను అనుకున్నదానికన్నా కిందికి దిగింది, కిప్రోనో, నిన్ను రేపు కావిలించుకుంటా. రెండు ముప్ఫై. రెండు నలభై. అంతా ఆగింది, బండి టైర్ల చప్పుడు వినిపించింది, ఒకటి, రెండు, తలుపు మోగింది, ఒక్క దెబ్బ, వెంట టిక్కుమని ఉంగరం, అది నా నడుములోకి వచ్చింది, చెవిలోకి కాదు.

బాబాయ్ ఎడమ సిగ్నల్ వేశాడు. అద్దం చూశాడు. బ్రేకు మీద కాలు దిగింది, బండి రోడ్డు పక్కకు జరిగి, మట్టి మీద నాలుగు గజాలు పాకి, ఆగింది. ఎప్పటిలాగే, మనిషిని దింపేటప్పుడు ఆపినట్టు. వెనక ఎవరూ లేవలేదు. ఎవరూ దిగలేదు. బ్రేక్‌డౌన్ మొదలైంది, సీట్ల కింద ఆరు బాక్సులు నేలను ఎత్తి పడేస్తున్నాయి.

“ఎవరు దిగాలి?” బాబాయ్ అద్దంలోకి అడిగాడు.

“నేను కొట్టలేదు పెద్దాయనా,” ఒదూయా రెండు చేతులూ పైకెత్తి చూపించాడు. “ఇదిగో, ఇక్కడున్నా. నువ్వే ఆపావు. నేను ముందే చెప్పా, ఆ మాట అనొద్దని.”

“నువ్వు కాదు. నీ దెబ్బ నాకు తెలీదా?” బాబాయ్ నా వైపు తిరిగాడు. నా మొహం చూడలేదు. ఒళ్లో ఉన్న చేతులు చూశాడు. నడిమి వేలు చూశాడు, అక్కడ ఉంగరం లేదు, తెల్లటి గీత కూడా పోయింది. పాటల పెట్టె వైపు చూశాడు. మళ్లీ నా చేతులు. నలభై ఎనిమిది సెకన్లుంటుంది ఆ బ్రేక్‌డౌన్, అందులో ఇరవై అయిపోయాయి.

“పాత బండి తలుపు,” అన్నాడు.

“అవును బాబాయ్.”

“ఎక్కడుంది?”

“కోళ్లగూటి మీద.”

బాబాయ్ పళ్లపుల్ల తీసి డ్యాష్‌బోర్డు మీద పెట్టాడు. గుడ్లావిడ ఎవరితోనూ కాకుండా, ఎవరూ దిగకపోతే ఎందుకాగింది అంటోంది, బ్యాంకు టై ఆయన తల ఊపడం మానేసి ముందు సీటు కడ్డీని రెండు చేతులతో పట్టుకున్నాడు, పాదం మాత్రం కొడుతోంది, తన పాదం కొడుతున్నట్టు ఆయనకు తెలియదు. నేను ఫోను తీశాను. ఎనిమిదీ యాభై ఐదు. యారికి రాశాను, తలుపు ఉంచండి, అది పడలేదు, కొట్టాం. న్యాగుథీకీ కిప్రోనోకీ కూడా కనపడేలా పంపాను. కిప్రోనోకు విడిగా ఇంకోటి, దాని పని బండి ఆపడం. నలభై ఐదు, నలభై ఆరు, న్యాగుథీ చివరి అరుపు, వాళ్లమ్మ తిట్టు, గిటారు తెగిపోయింది.

ఇప్పుడు వస్తుంది. బాబాయ్‌కి తెలియదు చివర్లో ఏముందో, తెలియకపోయినా అతని ఎడమ చెయ్యి గేరు మీదికి వెళ్లి అక్కడ ఆగింది. తలుపు మోగింది, రెండు దెబ్బలు. పాటలోదని అతనికిప్పుడు తెలుసు. అద్దం చూశాడు, కుడి సిగ్నల్ వేశాడు, బండి కదిలింది.